ఏటియొడ్డున ఎఱ్ఱపూవు

పూవు కనబడినంతనే చేయి చాచుట మన యాడువారికి పుట్టుకతో వచ్చిన గుణము. అందు తప్పున్నదని నేనెన్నడు ననుకొనలేదు. తెల్లవారకముందే లేచి పెరటిలోని నందివర్ధనములు, గన్నేరులు కోసి సజ్జ నింపుకొనుట నా చిన్ననాటి యలవాటు. మల్లెలు కోసినకొలదిని పూచునని మా యత్తగారు చెప్పెడివారు, అది నిజమే. అట్టి నేను సముద్రములు దాటి పోయి, యొక యేటియొడ్డున నొక పూవునకు చేయి చాచి, కన్నకూతురిచేత వలదనిపించుకొంటిని. ఆ పూవును గూర్చియు, అది పెరుగు తావును గూర్చియు, దానిని బెంచబోయి నేను చేసిన పొరపాటును గూర్చియు సోదరీమణులకు జెప్పవలెనని కొంతకాలముగా ననుకొనుచున్నాను.

2022వ సంవత్సరము మే మాసమున మా అమ్మాయి పురిటికై నేను అమెరికాకు బోయితిని. వారి కాపురము న్యూజెర్సీ రాష్ట్రమున ప్రిన్స్‌టన్ పట్టణమునకు జేరువ. ఆ ప్రాంతమున దెలుగు కుటుంబములు పెక్కు గలవు. గోంగూర మొదలు కందిపొడి వఱకు అన్నియు అంగళ్ళలో దొరకును గాన వంటయింటిలో నున్నంతసేపు నాకు పరదేశమని తోచలేదు. వాకిలి దాటినప్పుడే యది తోచెడిది. చెట్లన్నియు గ్రొత్తవి, ఒక్కదాని పేరైనను నాకు దెలియదు. మన యూరిలో నడచుచుండగా, ఇది కానుగ, ఇది గంగరావి, ఇది తుమ్మ యని చెట్లు మనలను బలుకరించుచున్నట్లే యుండును. అచ్చట మాత్రము, ఎవ్వరు నెఱుగని పెండ్లివారింట నొక మూల గూర్చున్నట్లుండెను.

ఆగస్టు వచ్చునప్పటికి అమ్మాయికి ఎనిమిదవ నెల. మెల్లగా నడచుట మంచిదని వైద్యురాలు చెప్పియుండెను. ఒక ఆదివారమునాడు అల్లుడుగారు, “అత్తయ్యగారూ, మీకు చెట్లన్న నిష్టము గదా! నది కావల నొక వన్యపుష్పవనము గలదు. అంతయు నీడయే. మెల్లగా నడువవచ్చును” అని మమ్ములను కారులో బయలుదేఱదీసిరి.

న్యూజెర్సీకిని పెన్సిల్వేనియాకును డెలావేరు నదియే పొలిమేర. మేము దాటినది 1904వ సంవత్సరమునాటి యినుప వంతెన. అది యెంత యిఱుకనగా, ఎదుటినుండి బండి వచ్చినప్పుడెల్ల నేను కనులు మూసికొంటిని. ఆ తావు వారి చరిత్రలో పేరుపొందినది. 1776వ సంవత్సరము డిసెంబరు 25వ తేది రాత్రి, నదిలో మంచుగడ్డలు కొట్టుకొని వచ్చుచుండగా, జార్జి వాషింగ్టను తన సైన్యమును పడవలమీద నిచ్చటనే దాటించి, మఱునాటి యుదయమున ట్రెంటన్ పట్టణముననున్న శత్రువులమీద బడెను. మేము పోయిననాడు మాత్రము నది బండలు బయటపడి పలుచగా బాఱుచుండెను. ఆ యేడు వానలు వెనుకబట్టి, నీటిని పొదుపుగా వాడుకొనుడని న్యూజెర్సీ ప్రభుత్వము ఆగస్టు నెలలోనే ప్రజలను హెచ్చరించియుండెను.

నది కావలి యొడ్డున నెగువకు గొన్ని మైళ్ళు పోగా బౌమన్స్ హిల్ అను గుట్ట గలదు. దాని ప్రక్కన సుమారు 134 ఎకరముల యడవిని వన్యపుష్పవనముగా 1934వ సంవత్సరమునుండి కాపాడుచున్నారు. ఆ దేశమున సహజముగా పుట్టిన మొక్కలకే యందు తావు. తోట యనగా మనకు దోచు పూలమడులు, కత్తిరించిన కంచెలు, నీటిచిమ్మెనలు వెదకినవారికి నిరాశయే. చూపునకది వట్టి యడవి. చాల భాగమునకు జుట్టును ఎత్తైన కంచె గట్టియున్నారు. ఎందులకని యడిగితిని. జింకల రాకను ఆపుటకట! శకుంతల జింకపిల్లకు ధాన్యము తినిపించిన కథ వినుచు బెరిగిన మనకు జింక తోటకు శత్రువనిన నవ్వు వచ్చును. కాని వానిని దిను తోడేళ్ళను అచ్చటివారెప్పుడో రూపుమాపిరి. అందుచే జింకలు మితిమీఱి పెరిగి, అడవిలోని చిఱుమొక్కలను మొదలంట మేసివేయుచున్నవి. మా అమ్మాయి పెరటిలోని గులాబీలకు మొగ్గ నిలువకపోవుటకును ఇదియే కారణము.

చీర గట్టుకొని యా యడవిలో నడచుటకు రెండు భయములున్నవని అల్లుడుగారు ముందే చెప్పిరి. ఒకటి, మూడేసి యాకులుగల యొక తీగె. అది తాకినచో నొడలు దద్దులెక్కి పొక్కును. రెండవది, గడ్డిలో పొంచియుండు పిడుదు పురుగు; అది కఱచుటచే గొందఱకు జ్వరమును గీళ్ళనొప్పులును దెచ్చు రోగము పట్టునట. అందుచేత నేను కుచ్చిళ్ళెత్తి దోపుకొని, అల్లుడుగారి పొడుగాటి మేజోళ్ళు మోకాళ్ళవఱకు లాగుకొని దిగితిని. మా అమ్మాయి నన్ను జూచి నవ్వి నవ్వి, నిండుకడుపు పట్టుకొని యొక బండమీద గూర్చుండిపోయెను.

దారి పల్లమునకు దిగినకొలదిని గాలి చల్లబడెను. పిడ్‌కాక్ అను చిన్న యేఱు బండల నడుమ మెలికలు తిరుగుచు డెలావేరులో గలియబోవుచున్నది. అది వానలు లేని యేడు గాన నీరు కొంచెమే, కాని యొడ్డు మాత్రము తడియాఱలేదు. ఆ నల్లని తడిమట్టిలో, ఆకుపచ్చని నీడలో, నిప్పుకణికలు పేర్చినట్లు నాలుగైదు పూలవెన్నులు నిలిచియుండెను. ఎఱుపనిన నెట్టి యెఱుపు! దాసానిపూవునం దింత నీలిఛాయ లేకుండ నుండదు. గులాబీయం దింత వేడి లేదు. మొక్క నిలువున నించుమించు నా నడుమెత్తు. ఆకులు సన్నగా, అంచులు ఱంపపు పండ్లవలె నున్నవి. కాడ చివరన వెన్నుగా పూలు. ఒక్కొక్క పూవునకు రేకులైదు: క్రిందివి మూడు వెడల్పు, పైవి రెండు కొమ్ములవలె సన్నన. వాని నడుమనుండి యొక యెఱ్ఱని సన్నని గొట్టము పైకి లేచి, చివర బూడిదవన్నె గడ్డముతో ముందునకు వంగియుండెను. వాసన చూచితిని, లేదు.

నాకు వెంటనే మంకెనపూవు జ్ఞప్తికి వచ్చెను. నా చిన్నతనమున వరిచేల తడిగట్లమీద మంకెన మొలచెడిది. మధ్యాహ్నమునకు విచ్చి, మఱునాటి తెల్లవారుజామునకు ముడుచుకొనెడిది. మన కవులు నాయికల పెదవుల కుపమానము వెదకవలసి వచ్చినపుడెల్ల దీనినే పిలిచియున్నారు. అటులే నీటియొడ్డున, అటులే ఎఱ్ఱన! చుట్టమెవరో తటాలున నెదురుపడినట్లు నా ప్రాణము లేచి వచ్చెను. ఆ సంతోషముతోనే వంగి కాడమీద చేయి వేసితిని.

“అమ్మా, కోయకే!” అని అమ్మాయి వెనుకనుండి కేక వేసెను.

“ఒక్క వెన్నే గదే! రేపు పూజకు.”

“అది పూజకు గాదు.”

“దేవునికి బెట్టని పూవెందులకే?” అంటిని గొంచెము కోపముగనే.

“గింజకు” అనెను.

ఆ మాట నాకప్పుడు పెడసరముగా దోచెను. పది యడుగులు నడచిన పిదప మా అమ్మాయియే దగ్గఱకు వచ్చి, నా చేయి పట్టుకొని వివరించెను. ఈ మొక్క బహువత్సరజీవియే కాని దీర్ఘాయువు గలది గాదు. పూచిన కాడయు దాని మొదలును ఆ యేటితో దీఱిపోవును. పోవుచు, మన యరటివలెనే, మొదట ప్రక్కగా చిన్న పిలకలను విడిచిపోవును. ఆ పిలకలు తమ వేళ్ళు తాము పోసికొని శీతకాలము గడపినయెడల మఱుసటి యేడు పూచును. గడపనియెడల నిక గింజయే దిక్కు. ఆ గింజయో ధూళివంటిది. కచ్చికపొడిలో వేసిన గానరాదు. అది మొలచుటకు తడిసిన వట్టినేల కావలెను, వెలుతురు తగులవలెను. దట్టముగా గడ్డి కమ్మిన చోట మొలవదు. ఏటికి వరద వచ్చి యొడ్డును గోసి క్రొత్త యొండ్రు పఱచినప్పుడు దానికి సందు దొరకును. అదే వరదకు పాత మొక్కలు కొట్టుకొనిపోవుటయు గలదు. వెనుకటి కాలమున జనులు ఏటియొడ్లకు వన విహారమునకు బోయి చేతినిండ వెన్నులు విఱిచి తెచ్చుకొనుటచే, గొన్ని తావులలో నిది మిక్కిలి యరుదైపోయినదట. మల్లె కోసిన మఱల పూచును. దీని వెన్ను విఱిచిన ఆ యేటి గింజ పోయినట్లే.

నేను మాఱు పలుకలేదు. కాని మనసులో మాత్రము, ఆ యెఱ్ఱని వెన్ను మా లక్ష్మీదేవి పటమునకెంత యందముగా నుండెడిదో యని యనుకొనుచునే యుంటిని. ఆ సంగతి దాచి ప్రయోజనము లేదు.

దీని పేరు కార్డినల్ పూవు. రోమను కాథలిక్ మతమున పోపునకు దిగువనుండు పెద్దలను కార్డినళ్ళందురు. వారు తొడుగు నెఱ్ఱని యంగీలను బట్టి పూవునకా పేరు వచ్చినది. ఆ ప్రాంతపు పెరళ్ళలో దిరుగు నొక యెఱ్ఱని పిట్టకును అదే పేరు. తెల్లవారు వచ్చిన తొలిదినములలోనే దీని యెఱుపు వారి కనులు చెదరగొట్టినది. కెనడాకు వలసబోయిన ఫ్రెంచివారి ద్వారమున నిది యైరోపాకు జేరెను. 1629వ సంవత్సరమున జాన్ పార్కిన్సన్ అను నాంగ్లేయుడు తోటలను గూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని వర్ణించియున్నాడు. శాస్త్రజ్ఞులు దీని కులమును లొబీలియా యందురు. పదునాఱవ శతాబ్దిలో ప్రసిద్ధికెక్కిన లోబెల్ అను వృక్షశాస్త్రవేత్త పేరది. మన దక్షిణదేశపు కొండలలో మొలచు అడవిపొగాకు కూడ నీ కులమునదే. రెండింటను విషముండును గాన నోటబెట్టుకొనరాదు. పిల్లలున్న యింట నీ సంగతి మఱువకూడదు.

వనమునకు జేరియే యొక నారుమళ్ళ యంగడి కలదు. అందు అమ్మునవి అడవినుండి పెఱికి తెచ్చినవి గావు, గింజనుండి పెంచినవి. నా మొగము జూచి జాలిపడి కాబోలు, అల్లుడుగారు కుండీలతో మూడు కార్డినల్ మొక్కలను గొనిరి. ఇంటికి వచ్చుదారి పొడుగున వానిని నా యొడిలోనే పెట్టుకొంటిని.

ఎక్కడ నాటవలెనని పెద్ద యాలోచన పుట్టెను. దీనికి గావలసినది తడి. మూడు పూటల నీరు పోసి, నాలుగవ పూట మఱచిన నొప్పుకొనదు. ఎల్లప్పుడు చెమ్మగల నేలయైనచో నెండకును ఓర్చును. చెమ్మ తక్కువైన చోట మధ్యాహ్నపు నీడ తప్పక యుండవలెను. పెరటిలో ఇంటికప్పుమీది వాననీరు గొట్టముద్వారా దిగి పడు మూల యొకటి కలదు. ఉదయపుటెండ వచ్చి పదకొండు గంటలకు నీడ పడును. అచ్చటి మన్ను కుమ్మరి మన్నువలె జిగటగా నుండెను గాన, ఒక గంప యాకుల యెరువు గలిపి, జానెడు లోతున నాటితిని. అప్పు డమ్మాయి బరువు వంగి చూడలేక, కిటికీలో గూర్చుండి, “లోతెక్కువ పెట్టకే, మొదలు మన్నుతో సమముగా నుండవలె” నని ఆజ్ఞలిచ్చుచుండెను. ఆ యేటి కఱవులో ప్రతిదినము బియ్యము కడిగిన నీరు, పప్పు కడిగిన నీరు వానికే.

సెప్టెంబరు నడుమ వఱకు పూచి, కాడలు వాడెను. అదే నెలలో మాకు మనుమరాలు పుట్టెను. ఆ తరువాత రెండు నెలలు నాకు పెరటివంక చూచు తీఱిక లేదు. మొక్కల దగ్గఱకు మఱల బోయినది నవంబరులో, నా ప్రయాణము దగ్గఱపడినప్పుడు. సందర్శకులుగా వచ్చినవారికి సాధారణముగా నాఱు నెలలు గడువిత్తురు. ఆ గడువు నిండవచ్చినది. చూతునుగదా, ఎండిన కాడల మొదట ముల్లంగి మొక్కలవలె నేలకంటుకొని పచ్చని పిలకలు! ఒక్కొక్క మొదలికి రెండో మూడో. చెట్లన్నియు ఆకు రాల్చి మోడులై, గడ్డి సహితము పండిపోవుచున్న యా చలిలో ఈ పసిపిలకలు పచ్చగా నోరు తెఱచుకొనియున్నవి. నా కడుపు తరుగుకొనిపోయెను.

ఇంటిలో నేను బాలెంతకు జెవులకు గుడ్డ గట్టి, చంటిదానికి కుళ్ళాయి పెట్టి, గాలి దూఱకుండ దుప్పటి కప్పుచున్న దినములవి. ఆ చేతులు వేఱొకటి యెట్లు చేయును? రాలిన యాకులను గంపలకొలది తెచ్చి, పిలకలమీద మూరెడెత్తున బోసి, గాలికి బోకుండ నీరు చల్లి యదిమితిని. మంచు గురిసినను వీనికి భయము లేదనుకొని మఱునాడు విమాన మెక్కితిని.

2023వ సంవత్సరము ఏప్రిలులో మంచు వీడిన తరువాత అమ్మాయి ఆ యాకుల గుట్టను దీసి, ఫోనులో నాకు చూపించెను. క్రింద నల్లని జిగురు. ఆకు గాదు, వేరు గాదు, పట్టుకొనిన వ్రేళ్ళకంటు కుళ్ళు. రెండు మొదళ్ళు సమూలముగా బోయినవి.

కారణము తరువాత దెలిసినది. ఈ పిలకలు శీతకాలమున నిద్రపోవునవి గావు. నేలకంటుకొనియున్న యాకులతోనే వెలుతురును గాలిని గ్రహించుచు గడపును. మంచు వానికి కీడు చేయదు. మంచు పఱచుకొనినచో గాలిచలినుండి కాపాడునుగూడ. కీడు చేయునది తడిసి యట్టలు గట్టిన యాకులు. తోటలలో వాడుక చొప్పున మొదళ్ళమీద పోయు చెక్కపొట్టును అట్టిదే. కావున శీతకాలమున దీనికి చేయవలసిన సేవ కప్పుట గాదు; రాలిన యాకును రాలినట్లు మొదలిమీదనుండి తీసివేయుట. నేను వెచ్చదనమని యిచ్చినది చీకటియు నూపిరాడమియు.

అమ్మాయి నన్నొక్క మాట యనలేదు. పైగా మూడవ మొక్కను జూపెను. అది గొట్టమునకు మిక్కిలి దగ్గఱగా నుండుటచే, కప్పునుండి దిగు నీటికి నేను పోసిన యాకులు కొట్టుకొనిపోయినవట. ఆ నీళ్ళపాటున రెండు పిలకలు బ్రదికియుండెను. గొట్టమునకు నేను మ్రొక్కుకొంటిని.

ఆ రెంటినుండియే వంశము నిలిచినది. 2024వ సంవత్సరము జూనులో నేను మఱల బోవునప్పటికి ఆ మూల గుంపుగా కాడలు లేచియుండెను. బిడ్డతల్లియై, ఉద్యోగము చేసికొనుచు, మా అమ్మాయి యీ మొక్కల మర్మములన్నియు నేర్చికొనినది. మార్చి నెలలో మంచు విడినంతనే పిలకలను వేళ్ళతో సహా విడదీసి, జానెడు జానెడు దూరమున నాటినదట. ముందటి యేటి గింజలను శరత్కాలముననే యొక కుండీలో తడిమన్నుమీద చల్లి, పైన మన్ను కప్పక, మంచులోనే బయట విడిచినది. ఆ చలి తగిలిన గింజ వసంతమున చక్కగా మొలచును. నేను చూచునాటికి మొలకలు ఆవాకంత యుండెను. అవి యా యేడు ఆకులే వేయును. పూచుట మఱుసటి యేటి మాట.

మూడవ విధము నేను చేసితిని. మనము మల్లెకు, జాజికి నేలయంటు వేయుదుము గదా! మొగ్గ తొడుగకముందు జూలై మొదట నొక కాడను మెల్లగా వంచి, బురదమన్ను నింపిన కుండీమీద పరుండబెట్టి, నా తలపిన్నులతో నదిమితిని. మన్ను ఆఱనీయలేదు. కొన్ని వారములలో ప్రతి యాకు మొదటను వేరు పోసి చిన్న మొలక లేచెను. ఆ యేటి నష్టమునకు నా వలన గొంత పూడిక జరిగినదని తృప్తి కలిగెను.

ఆగస్టులో పూచినవి. ఒకనాటి యుదయమున నేను మనుమరాలిని జంకబెట్టుకొని కిటికీకడ నిలిచియుండగా, తుమ్మెదవంటి ధ్వనితో నొక పిట్ట వచ్చెను. బొటనవ్రేలంత. బరువు మూడు గ్రాములు మాత్రమేనట. మన తేనెపిట్ట కొమ్మమీద వ్రాలి తేనె గ్రోలును, ఇది వ్రాలదు. ఱెక్కలు కంటికి గానరానంత వేగముగా నల్లార్చుచు గాలిలో నిలుచును. పూవు వాసనలేనిదై యెఱ్ఱనై యుండుట కర్థమప్పుడు దెలిసినది. తేనెటీగల కన్నులకు ఎఱుపు చక్కగా నానదు, పిట్ట కానును. పూవు గొట్టము లోతు పిట్టముక్కునకే సరిపోవును. పిట్ట ముక్కు జొనుపగానే ఆ బూడిదగడ్డము వచ్చి దాని నుదుట తాకి, విబూది పెట్టినట్లు పుప్పొడి రాయును. పూవు తొలిదినములలో పుప్పొడి నిచ్చును. పిదప అదే గొట్టమునుండి కీలాగ్రము వెలువడి, వేఱొక పూవునుండి వచ్చిన పుప్పొడిని గ్రహించును. వెన్ను క్రిందినుండి పైకి విచ్చును గాన, పుచ్చుకొనునవి క్రిందను, ఇచ్చునవి పైనను ఉండును.

వచ్చినది ఆడుపిట్ట. మగదానికి గొంతుక కెంపువలె మెఱయును, దీనిది తెలుపు. ఈ జాతిలో మగపిట్ట గూడు గట్టుటకు రాదు, గ్రుడ్లు పొదుగదు, పిల్లల మేపదు. సాలెగూటి దారములతో నల్లి, పైన చెట్టుబెరడుమీది నాచుముక్కల నంటించి, అక్రోటుకాయలో సగమంత గూడు ఆడుదే కట్టును. పూలకాలము ముగియగానే, ఆ మూడు గ్రాముల ప్రాణి మెక్సికో సింధుశాఖ దాటి దక్షిణమునకు బోవును. ఆ మాట విన్నప్పటినుండి, ఇరువది గంటల విమానప్రయాణమును గూర్చి నేను సణుగుట మానివేసితిని.

మనుమరాలు పిట్ట పోయినవెంటనే పెరటిలోనికి పరుగెత్తి, వెన్నుమీద చేయి వేసెను. “కోయకూడదమ్మా!” అని నా నోటనే వచ్చెను. వంటయింటినుండి అమ్మాయి పగులబడి నవ్వెను.

ఈ గింజలు మాకు గావలెనని సోదరీమణులడుగుదురేమో. వానిని దేశము దాటించి తెచ్చుటకు ప్రభుత్వముల యనుమతులు గావలెను. రుమాలున మూటగట్టి తెచ్చుట నేరము. తెచ్చినను మన కోస్తా యెండలలో, చలికాలమే లేని చోట, నిది సుఖపడునని నేననుకొనను. తడినేల, నీటితూము దాపు, బావిగట్టు ప్రక్క గలవారు మంకెనను వెదకి వేసికొందురు గాక. అది యేకవార్షికము, వానకాలమున విత్తిన ఆ యేటనే పూచును. కాయలను కొన్ని ముదురనిచ్చి గింజ దాచుకొనిన మఱుసటి యేటికి గలుగును. మా యూరి చేలగట్లమీద నిప్పు డది కనబడుట లేదు. కలుపు మందులు కొట్టుచున్నారు. నేనొక స్నేహితురాలి యింటినుండి పది గింజలు తెచ్చి పెరటి తొట్టి ప్రక్కన వేసియున్నాను.

2024వ సంవత్సరము శరత్కాలమున న్యూజెర్సీలో వానయే లేదు. అక్టోబరు నెల యించుమించుగా చుక్క పడకుండనే గడచినది. రాష్ట్రపు లెక్కలలో నంత పొడిగానున్న మాసము మఱియొకటి లేదట. అడవులంటుకొని, గాలిలో పొగవాసన నిండెను. నవంబరులో ప్రభుత్వము అనావృష్టి హెచ్చరిక చేసెను. కప్పుమీదనుండి నీరు దిగని గొట్టము వట్టిదై నిలిచినది. మఱల బియ్యము కడిగిన నీరే గతి. ఉదయ సాయంకాలములు రెండు చెంబులు నేను పోయుచుండగా, మూడవ చెంబు మనుమరాలు తన కాళ్ళమీద పోసికొనెడిది.

నా ప్రయాణమునాటి యుదయమున పిలకలు లెక్కబెట్టితిని. 11 ఉన్నవి. అవిగాక కుండీలోని మొలకలు, అంటుమొక్కలు. పొరుగువారి మేపుల్ చెట్టు ఆకు రాల్చుచునే యున్నది. నేను మోకాళ్ళమీద గూర్చుండి, యొక్కొక్క పిలకమీది యాకును వ్రేళ్ళతో ఏఱి తీయుచుంటిని. తీసినంతలో మఱియొకటి వచ్చి పడుచుండెను. అమ్మాయి తలుపు తెఱచుకొని వచ్చినది.

“అమ్మా, పెట్టెలు బండిలో పెట్టినారు. వేళయగుచున్నది.”

“ఈ నాలుగు పిలకలున్నవే. చూడుము, ఇటు పడుచున్నవి.”

“డిసెంబరు దాక బడును. నేను దీసెదను లే” అని నా ప్రక్కన గూర్చుండి, నా చేతిలోని యాకులు దీసికొనెను.